సాకే తల్లి బిడ్డను సాకేదెవరు?

ఉపోద్ఘాతం

శిశు సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే స్త్రీలకు చిన్నపిల్లలుంటే, అదే కేంద్రంలో ఆ పిల్లలకు రుసుము తగ్గించాలా, మొత్తంగా మాఫీ చేయాలా? వినడానికి ఇది పట్నవాసపు ప్రశ్నలాగే ఉంటుంది. ఖమ్మం, కొత్తగూడెం లాంటి ఊళ్లలో ప్రైవేటు డేకేర్లు వెలిసిన తర్వాతే మన చెవిన పడిన మాట ఇది. కాని చదువులో భాగంగా దుమ్ముగూడెం, చర్ల దారుల్లోని కోయగూడేల అంగన్‌వాడీలు కొన్ని చూసిన తర్వాత, ఈ ప్రశ్న పట్నంలో కంటే అడవి అంచునే ఎక్కువ బరువుగా ఉన్నదని నాకు తోచింది. రుసుమే లేని చోట రాయితీ ఏమిటని మీరు అడగవచ్చు. ఆ సంగతి తేల్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాయితీ లెక్క

ముందుగా పట్నపు లెక్క చూద్దాం. ఒక డేకేర్‌లో పనిచేసే ఆమె జీతం నెలకు తొమ్మిది వేలనుకుందాం. అక్కడ ఒక బిడ్డకు రుసుము రెండున్నర వేలు. ఆమెకు ఇద్దరు పిల్లలుంటే అయిదు వేలు తిరిగి అక్కడే కట్టాలి. మిగిలిన నాలుగు వేలల్లో ఆటో ఖర్చు పోగా ఏం మిగులుతుంది? "ఈ మాత్రం దానికి ఇంట్లోనే ఉండరాదా?" అంటుంది అత్తగారు. ఆమె మానేస్తుంది. మర్నాటి నుంచి ఆమె చేతికి అలవాటుపడ్డ పసివాళ్లు కొత్త ముఖం చూసి గుక్కపెట్టి ఏడుస్తారు. కొత్తామెకు పని నేర్పడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

ఇప్పుడు యజమాని వైపు లెక్క. కేంద్రంలో ఖాళీ ఉంటే, సిబ్బంది బిడ్డను సగం రుసుముకు చేర్చుకున్నందువల్ల అదనంగా అయ్యే ఖర్చు పాలు, అన్నం, సబ్బు మాత్రమే. ఖాళీ లేకపోతే మాత్రం నిండు రుసుము కట్టే బిడ్డను వదులుకోవాలి. అంటే రాయితీ ఒక చోట దాదాపు ఉచితం, మరో చోట నిజమైన నష్టం. పదిమంది పిల్లలతో నడిచే చిన్న కేంద్రం ఆ నష్టాన్ని ఒంటరిగా మోయలేదు. అందుకే ఈ భారం యజమాని దయకు వదలక ప్రభుత్వమే భరించాలన్న ఆలోచన కొన్ని చోట్ల పుట్టింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 2022 అక్టోబరులో ఆ పని చేసింది. శిశు సంరక్షణ కేంద్రాల్లో వారానికి కనీసం 20 గంటలు పనిచేసే తల్లిదండ్రులను, కుటుంబ ఆదాయం ఎంతైనా సరే, సంరక్షణ సహాయానికి అర్హులుగా ప్రకటించింది. ఒక సంరక్షకురాలు పనిలో నిలబడితే ఆమె చేతికింద మరెందరో పిల్లలకు చోటు దొరుకుతుంది. ఆ పిల్లల తల్లులు తమ పనులకు పోగలుగుతారు. లెక్క అంత సులువైనది. కెంటకీని చూసి మరికొన్ని రాష్ట్రాలు కూడా అదే దారి పట్టాయి.

చట్టాల సంగతి

మన దేశంలో శిశుగృహం అనే మాట చట్టానికి కొత్తది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీ కార్మికులు యాభై మంది దాటితే ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలన్నది. 1976 సవరణలో ఆ సంఖ్య ముప్ఫైకి దిగింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై లేక అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చుననీ చెప్పారు. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ యాభై లెక్కనే నిలిపింది.

ఫ్యాక్టరీకి సరిపోయే ఈ లెక్క అంగన్‌వాడీ గడప దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. మినీ కేంద్రమైతే టీచరు ఒక్కతే. యాభై ఎక్కడ, ఇద్దరెక్కడ!

ఇక సర్కారు శిశుగృహాల పథకం ఉన్నది. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలై, 2017 నుంచి జాతీయ శిశుగృహ పథకంగా నడిచింది. ఒక్కొక్క చోట 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. రుసుము పేదకుటుంబానికి 20 రూపాయలు, నెలకు 12 వేల లోపు ఆదాయముంటే 100, ఆపైన 200. ఆదాయాన్ని బట్టి రుసుము మారాలన్న సూత్రం ఇందులో స్పష్టంగా కలదు. అయితే ఈ మెట్లన్నీ కుటుంబ ఆదాయాన్ని బట్టి కట్టినవే. బిడ్డ తల్లి అదే గదిలో పనిచేస్తున్నదన్న సంగతికి ఆ లెక్కలో విడిగా ఒక మెట్టు వేయలేదు.

అడవి అంచున

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలయింది. ఈనాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అడవి అంచు గూడేలకు సర్కారు ముఖమంటే చాలాసార్లు అంగన్‌వాడీయే. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం కూడా అక్కడే వండుతున్నారు.

ఈ పథకంలో ఒక మెలిక ఉన్నది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి వచ్చి ఆడుకుంటారు, తింటారు. మూడేళ్లలోపు బిడ్డకు ఇచ్చేది ఇంటికి తీసుకుపోయే బాలామృతం, గుడ్లు. అంటే ఆ వయసు బిడ్డను పగలంతా ఉంచుకుని చూసే ఏర్పాటు ఇందులో భాగం కాదు.

ఇంకొక మెలిక నియామకంలో ఉన్నది. మన దగ్గర ఏళ్ల తరబడి వచ్చిన అంగన్‌వాడీ నియామక ప్రకటనలు చూడండి. అభ్యర్థి స్థానికురాలై ఉండాలి, వివాహితురాలై ఉండాలి, వయసు 21 నుంచి 35 లోపు ఉండాలి. ఈ మూడు షరతులూ కలిపి చదివితే ఎవరు కనబడతారు? చంకన బిడ్డ ఉన్న తల్లి. నిబంధనే పసిబిడ్డ తల్లిని వెతికి తెచ్చింది. ఆ పసిబిడ్డ పగలు ఎక్కడ ఉండాలో మాత్రం మరిచింది. ప్రసవానికి 180 రోజుల వేతనంతో కూడిన సెలవు ఉన్నమాట నిజమే. ఆరు నెలల సెలవు అయిపోయాక, బిడ్డకు మూడేళ్లు నిండేదాకా మిగిలిన రెండున్నరేళ్లు ఎట్లా గడవాలి?

ఒక గూడెంలో ఆయాను ఈ మాటే అడిగాను. ఆమె నవ్వింది. "ఏం జెప్పాలె తమ్ముడూ! ముప్ఫైమంది పిల్లల ముక్కులు నేను తుడుస్త. నా పిలగాని ముక్కు మా పెద్దపిల్ల తుడుస్తది" అన్నది. పెద్దపిల్ల వయసు పదేళ్లు. బడికి పోతుందా అంటే, "పోతది, ముసల్ది ఇంటికాడ ఉన్న రోజు పోతది" అన్నది.

ముసలమ్మ ఇంటి దగ్గర ఎప్పుడుంటుంది? జనవరి నుంచి మార్చి దాకా మిర్చి ఏరుడు. ఆ వెంటనే ఇప్పపూల కాలం. ఏప్రిల్, మే వస్తే తునికాకు. కోయగూడెంలో చేతులాడే మనిషి ఎవరూ ఆ రోజుల్లో ఇంటిపట్టున ఉండరు. వేసవి సెలవులు కొంత ఆదుకున్నా, మిర్చి కాలం సరిగ్గా బడి జరిగే కాలమే. కనుక అంగన్‌వాడీలో రుసుము లేదన్నది కాగితం మీది మాట. పని చేసే తల్లి బిడ్డకు రుసుము చెల్లుతూనే ఉన్నది. అది కట్టేది ఆ ఇంటి పెద్దకూతురు. ఆమె కట్టేది తన చదువు.

ఈ ఉద్యోగం వదిలెయ్యమనడం కూడా కుదరదు. 2021 సవరణ ప్రకారం తెలంగాణలో టీచరుకు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 నిర్ణయించారు. అడవి మీద, కూలి మీద ఆధారపడ్డ ఇంట్లో నెలనెలా వచ్చే పైసలు అవే. పైగా ఆమె పోతే గూడెమూ నష్టపోతుంది. ఇంట్లో కోయ మాట్లాడే మూడేళ్ల బిడ్డకు తెలుగు పాట ఒక వింత శబ్దం. దాన్ని కోయలోకి తిప్పి చెప్పగలిగేది ఆ గూడెపు ఆడబిడ్డే. ఆమెను నిలుపుకోవడం ఆమెకు చేసే ఉపకారం కాదు, ఆ పిల్లల అవసరం.

ఒక మంచి వాక్యం

దారి లేదా అంటే ఉన్నది. మన చట్టాల్లోనే ఒక చక్కని వాక్యం దొరుకుతుంది. 2005 గ్రామీణ ఉపాధి హామీ చట్టం అనుబంధంలో ఇట్లా రాశారు: పనిస్థలానికి స్త్రీల వెంట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకుమించి వస్తే, ఆ స్త్రీలలోనే ఒకరిని పిల్లల్ని చూడటానికి పెట్టాలి, ఆమెకు మట్టిపని చేసిన వారితో సమానంగా కూలి ఇవ్వాలి. గమనించండి: "ఆ స్త్రీలలోనే ఒకరు". ఆమె బిడ్డ కూడా ఆ చెట్టుకింది గుంపులో ఒకడే. అందరి బిడ్డల్ని చూస్తూ తన బిడ్డనూ చూసుకుంటుంది. రూపాయి కట్టదు, కూలి పోగొట్టుకోదు. పనిస్థలాల్లో ఇది ఎంతవరకు అమలయిందన్నది వేరే చర్చ. కాని సూత్రం మాత్రం తేటతెల్లం: పిల్లల్ని సాకడం పని, సాకే ఆమె కూడా తల్లే.

మనకు సరిహద్దున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఫుల్వారీ అనే పేరుతో ఆరునెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు గ్రామస్త్రీలే నడిపే కేంద్రాలు వెలిశాయి. బిలాస్‌పూర్ జిల్లాలో జన స్వాస్థ్య సహయోగ్ సంస్థ చేసిన కృషి ఇందులో చెప్పుకోదగ్గది. అంగన్‌వాడీ వదిలేసిన వయసునే వాళ్లు పట్టుకున్నారు. కేంద్ర ప్రభుత్వం పాల్నా పథకం కింద అంగన్‌వాడీకి శిశుగృహాన్ని జతచేసి, అందుకు వేరే కార్యకర్తను, సహాయకురాలిని పెట్టే ఏర్పాటు చేసింది. దేశమంతటికీ కలిపి పెట్టుకున్న లక్ష్యం 17,000 కేంద్రాలు. అవసరమైన దారి అదే. గూడేల దాకా రావాలి.

ఆక్షేపణలు, సూచనలు

"సొంతబిడ్డ ఎదురుగా ఉంటే పరాయిపిల్లల్ని సరిగ్గా చూస్తుందా?" అన్న ఆక్షేపణ తరచు వినవస్తుంది. ఇద్దరు సంరక్షకులున్న చోట తల్లి బిడ్డను రెండో ఆమె చేతికి అప్పగిస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. ఒక్కతే ఉన్న చోట మాత్రం నిజంగా చిక్కే. అక్కడ కావలసింది తల్లి మీద అనుమానం కాదు, రెండో మనిషి. ఇంటి దగ్గర పసివాడు ఏం చేస్తున్నాడోనని మనసు కొట్టుకునే తల్లి, పరాయిపిల్లల్ని నిశ్చింతగా చూడగలదా అన్నది కూడా ఆలోచించాలి.

నా సూచనలు ఇవి:

1. ప్రైవేటు కేంద్రాల్లో సిబ్బంది పిల్లల రాయితీ నియామక పత్రంలోనే రాసి ఉండాలి. యజమాని మంచితనం మీద ఆధారపడితే అది హక్కు కాదు. టీచరుకు సగం తగ్గిస్తే, తక్కువ జీతపు ఆయాకు, వంటమనిషికి అంతకన్నా ఎక్కువ తగ్గాలి.

2. రాయితీని జీతం పెంచకుండా ఉండటానికి సాకుగా వాడరాదు. బిడ్డకు అయిదేళ్లు దాటాక రాయితీ పోతుంది, జీతం మాత్రం మిగిలి ఉంటుంది.

3. శిశుగృహాలను జతచేసేటప్పుడు సరిహద్దు గూడేలకు ముందు వరుస ఇవ్వాలి. అక్కడి టీచరు, ఆయా పిల్లలకు మొదటి చోటు ఉండాలి.

4. మిర్చి, తునికాకు కాలాల్లో వేళలు పెంచాలి. పెంచిన వేళలకు వేతనమూ పెంచాలి.

ముగింపు

అంగన్‌వాడీ సిబ్బంది హక్కుల మాట కోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. పని విరమించిన నాటికి ఒక భరోసా దొరికింది. పని చేస్తున్న నాటి పసిబిడ్డ సంగతి ఇంకా తేలవలసి ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ఈసారి సేవాశిబిరానికి ఏ గూడెం వెళ్లినా, అంగన్‌వాడీ రిజిస్టరులో పిల్లల పేర్లు లెక్కపెట్టి ఊరుకోకండి. టీచరుకు, ఆయాకు మూడేళ్లలోపు బిడ్డ ఉన్నదా, ఆ వేళకు ఎవరి దగ్గర ఉన్నదని అడగండి. ఆ బిడ్డను ఎత్తుకున్నది ఒక బడిపిల్ల అయితే, ఆమె పేరు ఏ తరగతిలో ఉన్నదో కూడా అడిగి రాసుకోండి. మన విద్యార్థి సంఘం అట్లాంటి పేర్లు పది గూడేల నుంచి సేకరించి అధికారుల ముందు పెట్టగలిగితే, ఈ వ్యాసం కంటే ఎక్కువ పని జరుగుతుంది.