ముందు చెక్క, తర్వాతే ఇంజిన్

చార్మినార్‌ను 1591లో కట్టారు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం 1889లో వచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో కింద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు అడగరు. కుతుబ్‌షాహీల పాలన ముగిసి మొగల్ సుబేదార్లు ఏలుతున్న రోజుల్లో పిడుగు పడి నైరుతి మినార్ కూలింది. దాదాపు 60 వేల రూపాయలు పోసి దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1824లో లక్ష రూపాయల ఖర్చుతో కట్టడానికి కొత్తగా గార చేయించారు. గడియారాలు ఆ తర్వాత 65 ఏళ్లకు. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన వరుస అని నేననను. కానీ వరుస సరైనదే. కూలింది లేచింది, ఊడింది అతుక్కుంది, ఆఖర్న కొత్త హంగు వచ్చింది.

మనం దీన్ని తిరగేస్తాం. నిద్ర సరిగ్గా ఉండదు, అప్పు వాయిదాలు తప్పుతుంటాయి, ఇంట్లో నోరు విప్పితే గొడవ. అయినా కొత్త కోర్సుకు డబ్బు కట్టేస్తాం. అది సగంలో ఆగిపోతుంది. ‘నాకు పట్టుదల లేదు’ అని మనమే తీర్పు చెప్పేసుకుంటాం. తప్పు తీర్పు. కుళ్లిన చెక్కకు ఇంజిన్ బిగించాం, జరిగిందంతే.

చెక్కా ఇంజిన్ మాట పాతబస్తీది కాదు, విశాఖ, కాకినాడ తీరాలది. అక్కడ ఒకప్పటి చెక్క తెప్పల స్థానంలోకి ఫైబర్ బోట్లు వచ్చాయి. ఫైబర్ కుళ్లదు, నిజమే. అయితే వెనక ఇంజిన్ తగిలించే పలకలో చాలా బోట్లకు లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టులు దిగిన రంధ్రాల్లోంచి నీళ్లు చుక్క చుక్కగా లోపలికి చేరతాయి. పైన ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టులా మెత్తబడుతుంది. పాత బోటు కొని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలనుకునే వాడికి మొదట పుట్టే కోరిక పెద్ద ఇంజిన్, కొత్త రంగు. ఆ పలకకు పెద్ద ఇంజిన్ తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత ఇంజిన్ బలహీనంగా ఉండబట్టే ఇన్నాళ్లూ పలక ఊడలేదు.

కుళ్లు కంటికి కనపడదు, చెవికి తెలుస్తుంది. సుత్తి వెనక్కి తిప్పి పలకంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట ‘టక్’ మంటుంది, కుళ్లిన చోట ‘డబ్’ మంటుంది. పాత కట్టడాల గారను పరీక్షించేవాళ్లూ ఇదే చేస్తారు, గోడను వదిలేసిన గార తడితే డొల్లగా మోగుతుంది. 2019 మే మొదట్లో చార్మినార్ మినార్ నుంచి ఒక గార పెళ్ల ఊడి కింద పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మిమ్మల్ని మీరు తట్టి చూసుకోవడమూ ఇలాగే. ‘నా బలాలేమిటి, బలహీనతలేమిటి’ అని కాగితం మీద రెండు వరుసలు గీస్తే లాభం తక్కువ. అక్కడ మనం రంగు వేసుకునే కూర్చుంటాం. దానికి బదులు బరువు పెట్టి చూడండి. ఫోన్ పక్కన పెట్టి ఒక గంట ఒకే పని చేయండి. అన్నయ్యకో వదినకో ఇవ్వాల్సిన డబ్బు సంగతి మీరే ఎత్తండి. ఎక్కడ గొంతు డొల్లగా పలుకుతుందో మీకే వినిపిస్తుంది.

కుళ్లిన చోటు దొరికింది కదా అని దాని మీద ఒక పొర అంటించి వదిలేయకూడదు. గట్టి భాగం తగిలేదాకా కుళ్లును చెక్కి తీసేయాలి. చిల్లు అంగుళం ఉంటే సరిపడా అంగుళం ముక్క వేస్తే నిలవదు. చుట్టూ మంచి ఫైబర్‌ను కూడా వాలుగా అరగదీయాలి, పొర మందానికి సుమారు 12 రెట్ల వెడల్పున. అప్పుడే అతుకు పట్టుకుంటుంది. ఈ దశలో బోటు మునుపటికన్నా ఘోరంగా కనిపిస్తుంది. చాలామంది పారిపోయేది ఇక్కడే. తాగుడు మానేసినవాడు మొదటి వారాల్లో ఇంకా చిరాకుగా ఉంటాడు, లెక్కలు బయటపెట్టిన కుటుంబం కొన్నాళ్లు ఇంకా ఎక్కువ పోట్లాడుకుంటుంది. పని చెడిందని దానర్థం కాదు, అరగదీత నడుస్తోందని.

తర్వాత ఆరబెట్టడం. ఫైబర్ పొరలను అతికించే రెజిన్ తడి మీద పట్టదు. రెజిన్‌లో హార్డెనర్ సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లు. మరీ తగ్గితే ఎన్నాళ్లైనా జిగురుగానే ఉంటుంది, త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే వేడెక్కి పగులుతుంది. పొరలూ పల్చగానే వేయాలి. పాతబస్తీ సున్నం ఇంకా నిదానస్తురాలు, గాల్లోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. తొందరపడి దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడనే తింటుంది. ‘21 రోజుల్లో కొత్త మీరు’ అనే పుస్తకాలు నాకు ఆ సిమెంటులాగే అనిపిస్తాయి. (బోటు పని నిజంగానే ఇంట్లో మొదలుపెడితే మూతికి మంచి మాస్కు, గదికి గాలి తప్పనిసరి. ఆ దుమ్ము, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు.)

రంగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మీకు నచ్చింది వేసుకోండి.

అసలు చిక్కు టైము. ‘రోజూ పనికి పోవాలి, మరమ్మతుకు తీరికెక్కడ?’ తీరంలో దీనికి జవాబు ఏటా క్యాలెండర్‌లోనే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన అది. ఆదాయం లేని ఆ రోజులు మత్స్యకార కుటుంబాలకు కష్టమే, దాన్ని సెలవులని పొగడను. కానీ ఒడ్డున వలలు అల్లుకునేది, పడవలు బాగుచేసుకునేది అప్పుడే. వేట సాగుతున్నన్నాళ్లూ పలకను విప్పి ఆరబెట్టడం ఎవరికీ కుదరదు.

మన ఉద్యోగాలకు అలాంటి నిషేధం ఏ ప్రభుత్వమూ పెట్టదు, మనమే పెట్టుకోవాలి. ఈ నెలలో రెండు వారాలు ఎంచుకుని తేదీలు గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆ రెండు వారాలూ కొత్త కోర్సు వద్దు, కొత్త వ్యాపారం ఊసు వద్దు. తట్టినప్పుడు ‘డబ్’ మన్న చోటు ఒక్కటే విప్పండి. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి, మధ్యలో ఇల్లు కొంచెం అధ్వానంగా కనిపిస్తుందని.