రేగుపళ్ళకి బూజు ఎందుకు పట్టింది?

 

సంక్రాంతి సెలవులకు సీతంపేట కొండల్లోని మా ఊరు వెళ్ళాను. మా మామ్మ పొద్దున్నే కొండెక్కి, చేతులకు ముళ్ళు గీరుకున్నా రేగుపళ్ళు ఏరి తెచ్చింది. "హాస్టల్లో పిల్లలందరికీ పెట్టరా" అంది. నేను వాటిని కడిగి, తడి ఆరకుండానే పాలిథిన్ సంచిలో మూట కట్టి ట్రంకు పెట్టెలో పెట్టాను. ఆదివారం పంచుదామనుకున్నాను. తీరా మూత తీస్తే అన్నీ తెల్ల బూజు! ఒక్కటీ ఎవరికీ పెట్టలేకపోయాను. మామ్మ చేతుల మీద గీతలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

సైన్సు మాస్టారిని అడిగాను. బూజు కూడా ఒక జీవమేనట. అది పెరగాలంటే నీరు, వెచ్చదనం కావాలి. అవి అందకుండా చేస్తే పండు నిలవ ఉంటుంది.

ఫ్రిజ్జు ఉన్నవాళ్ళు నేరేడు పళ్ళను ఇలా దాస్తారు. కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరబెడతారు. పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజరులో పెడతారు. రాయిలా గట్టిపడ్డాక సంచిలో పోసి, గాలి తీసి మూతి కడతారు. ముందే సంచిలో పోస్తే అన్నీ ఒకే గడ్డ అయిపోతాయి. సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో పండులోని నీరు మంచు అవుతుంది, బూజుకి అందదు. అలా నెలల తరబడి ఉంటాయి. కానీ బూజు చావదు, నిద్రపోతుంది అంతే. బయట ఉంచేస్తే మళ్ళీ లేస్తుంది. ఇంకో సంగతి, నీరు మంచు అయితే ఉబ్బి, పండులోని కణాల గోడలను చీలుస్తుంది. అందుకే కరిగాక పండు మెత్తబడుతుంది. రసానికి బాగుంటుంది.

మరి ఫ్రిజ్జు లేని మనమేం చెయ్యాలి? మనకి ఎండ ఉంది కదా! ఫ్రీజరు నీటిని గడ్డ కట్టిస్తే, ఎండ ఆ నీటినే తీసేస్తుంది. విజయనగరం జిల్లా భీమాళిలో మామిడి రసాన్ని చాపల మీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర చేసేది ఇందుకే. రేగుపళ్ళలో ఉప్పు, మిరపకాయలు, బెల్లం వేసి దంచి వడియాలు పెట్టుకోవచ్చు. ఉప్పు, బెల్లం కూడా నీటిని పట్టి ఉంచి బూజుకి అందనివ్వవు.

గుర్తుంచుకోండి: బూజు తుడిచేసి పండు తినకూడదు. అది లోపలికి కూడా పాకి ఉంటుంది.

వార్డెన్ గారికి మనవి: వచ్చే సంక్రాంతి తర్వాత మేడ మీద ఒక చాప పరుచుకోనివ్వండి. పళ్ళు పాడైన సంగతి మామ్మకి ఇంకా చెప్పలేదు. రేగు వడియాలు పట్టుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి, అప్పుడు చెబుతాను.

— 9వ తరగతి విద్యార్థి