గోధుమ మడికి గడ్డి దుప్పటి

విద్యార్థులారా! కార్ఖానాలో గోధుమలు పండునా యని మీలో కొందఱు నవ్విరి. నవ్వుట సహజమే, ఆ పేరు పనిశాలను సూచించునే గాని పొలమును గాదు. అయినను గత నవంబరు మాసమున ఎనిమిదవ తరగతి బాలురచే పాఠశాల వెనుక తోటలో మూడు మడుల గోధుమ విత్తించితిమి. అందు కనుగొన్న సంగతులను, మేము చేసిన యొక పొరపాటును ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటి మడిని ఉన్నదున్నట్లు విడిచితిమి. రెండవ మడిలో మొలకలు నాలుగు వ్రేళ్లెత్తు పెరిగిన పిమ్మట వరుసల నడుమ ఎండు వరిగడ్డిని మూడు వ్రేళ్ల మందమున పఱచితిమి. దీనినే ఇంగ్లీషున మల్చింగు అందురు. మూడవ మడిలో గడ్డిని ముక్కలుగా నఱికి, విత్తుటకు ముందే మన్నులో కలిపితిమి. మన్నులో కలిసినచో త్వరగా ఎరువగునని మా తలంపు. గడ్డికై పల్లెకు పోలేదు. పండ్ల దుకాణములవారు పెట్టెలనుండి తీసి పాఱవేయుదానిని బాలురు సంచులతో మోసికొని వచ్చిరి.

మన తోటది ఇసుకపాలు మిక్కుటమైన ఎఱ్ఱని చల్కనేల. ఇట్టి నేలపై నీటిచినుకు బలముగా పడినప్పుడు మెత్తని మన్ను చెదరి రంధ్రములను మూసివేయును. ఎండ తగిలిన తోడనే పైన పెచ్చు కట్టును. పిదప పోసిన నీరు ఇంకక ప్రక్కకు పాఱిపోవును. గడ్డి యున్నచోట చినుకు దెబ్బను గడ్డియే కాచుకొనును. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్టువారి క్షేత్రమందు ఎఱ్ఱనేలపై వరిగడ్డి పఱచి చూచినప్పుడును వాననీరు పాఱిపోవుట తగ్గి, ఇంకుట హెచ్చెను.

గడ్డిపోచల నడుమ చిక్కుకొన్న గాలి కదలదు. కావున ఎండయు గాలియు నేలలోని తేమను సులభముగా లాగుకొనజాలవు. క్రిస్మసు సెలవులలో పదిదినములు మడులకు నీరు పోయువారు లేకపోయిరి. తిరిగి వచ్చి చూడగా మొదటి మడిలో ఆకులు సొరిగి యుండెను; రెండవ మడిలో గడ్డి తొలగించి వ్రేలు గుచ్చినచో చల్లగా తగిలెను.

ఆ చల్లదనము అన్నిచోట్ల మేలు చేయదు. ఉత్తర చైనావంటి శీతలప్రదేశములలో శరత్తున విత్తిన గోధుమ, చలికాలమంతయు అణగియుండి వసంతమున మరల చిగిర్చును. అప్పుడు గడ్డి క్రింది నేల త్వరగా వేడెక్కక పైరు వెనుకబడును. ఒక్కొకప్పుడు పంటయు తగ్గును. మన యాసంగి గోధుమ ఆ జాతిది కాదు. వెన్ను వేయుటకు దానికి అంతటి చలి అక్కఱలేదు. దక్కనులో గోధుమకు శత్రువు చలి గాదు, వేడి. అచ్చట కీడు చేయు గుణమే ఇచ్చట మేలు చేయును.

ఇక మూడవ మడి. డిసెంబరు మొదటివారమున దాని ఆకులు పసుపెక్కెను. ఆ మడిని చూచుకొను బాలుడు నీరు పోయుట లేదని తలచి, తోటివారందఱి యెదుట మందలించితిమి. “సారూ, రోజును పోయుచునే యున్నాను” అని మాత్రము చెప్పి అతడు తల వంచుకొనెను. తరువాత మన్ను త్రవ్వి చూడగా తడిగానే యుండెను! లోపము బాలునిది కాదు, మాది. వరిగడ్డిలో నత్రజని ఒక పాలుండగా కర్బనము సుమారు 60 మొదలు 80 పాళ్లవఱకు ఉండును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులకు అంతకన్న ఎక్కువ నత్రజని కావలెను. గడ్డిలో చాలనిదానిని అవి మన్నునుండి తీసికొనును. ఆ దినములలో పైరునకు పస్తే. గడ్డి నేలపైననే యున్నప్పుడు మన్నును తాకు అడుగుపొర మాత్రమే మెల్లగా కుళ్లును గనుక ఈ బాధ స్వల్పము. మఱునాడు తరగతిలోనే మా పొరపాటును ఒప్పుకొంటిమి. పేడనీటితో కొంచెము యూరియా నిచ్చిన పిమ్మట క్రొత్త ఆకులు పచ్చబడెను గాని, వెన్నులు తక్కువగానే వచ్చెను.

పంజాబులో వరికోతకును గోధుమ విత్తుటకును నడుమ రెండు మూడు వారములే యుండుటచే అనేకులు గడ్డిని తగులబెట్టుదురు. అందలి నత్రజని దాదాపు అంతయు పొగలో కలిసిపోవును. హాపీ సీడరు అను యంత్రము గడ్డిని నఱికి, గోధుమ విత్తి, ఆ గడ్డినే పైన పఱచును. మన తెలంగాణమందును యంత్రముతో కోసిన వరిమళ్లకు నిప్పు పెట్టువారు కలరు. అయితే పశువులున్న యింటివారిని గడ్డి నేలకు వేయుడని మేము చెప్పజాలము. పాడిగేదె కడుపు మాడ్చి నేలకు దుప్పటి కప్పుట న్యాయమా? వానకు నాని పశువులు ముట్టని గడ్డియు, రాలిన ఆకులును చాలును. చెదలు పట్టకుండ అప్పుడప్పుడు ఎత్తి చూచుచుండవలెను.

ఫిబ్రవరి చివర కోత ముగిసిన పిదప రెండవ మడి గడ్డి నెత్తగా, అడుగున వానపాములు కనబడెను. మందలింపు పడిన బాలుడు వచ్చు నవంబరునకు మరల మూడవ మడినే కోరినాడు. ఈమాఱు గడ్డిని విత్తుటకు రెండు మాసముల ముందే పేడతో కలిపి పాతిపెట్టునట.