ఆగిపోయిన కంప్యూటరు – ముందు ఎస్.ఎమ్.పి.ఎస్. చూడండి

మన ఉపకారవేతనం పొందే పిల్లల ఇళ్లలో ఇప్పుడు తరచుగా కనిపించేవి ఆఫీసులు వాడి తీసివేయగా, బాగుచేసి మళ్లీ అమ్మే కంప్యూటర్లు. చదువుకు అవి చాలును. వాటిలో ముందుగా మొరాయించే భాగాలలో ఒకటి ఎస్.ఎమ్.పి.ఎస్. గోడ సాకెట్టులోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి లోపలికి పంచే ఇనుప డబ్బా అది. బ్యాంకులో క్యాషియరు వంటిది. అతడు కౌంటరు మూస్తే మిగతా సెక్షన్లు ఎంత బాగున్నా పని సాగదు.

బటను నొక్కితే ఉలుకూ పలుకూ లేదనుకోండి. మొదట అదే సాకెట్టులో సెల్ ఛార్జరు పెట్టి చూడండి. తరువాత పవర్ కార్డు మార్చి చూడండి. వెనుక 115/230 అని చిన్న ఎర్ర మీట ఉంటే అది 230 వైపే ఉండాలి. ఫ్యాను తిరుగుతూ తెరమీద ఏమీ రాకపోతే అది వేరే సంగతి, చాలాసార్లు ర్యామ్ తీసి తుడిచి పెడితే సరిపోతుంది.

గుడియాత్తంలో లుంగీ నేసే ఒక కుటుంబంలోని అమ్మాయి బి.కాం. రెండవ సంవత్సరం. వేలూరులో కొన్న కంప్యూటరు పరీక్షల ముందు ఆగిపోయింది. ఒక అంగడిలో బోర్డు పోయిందనీ, కొత్తది తీసుకోవడమే మేలనీ చెప్పారట. తల్లి చీటీ డబ్బు తీయబోతుంటే, "ఒక్కరోజు ఆగండమ్మా" అన్నాను. అదే మోడల్ ఉన్న మరో విద్యార్థి ఇంటినుండి ఎస్.ఎమ్.పి.ఎస్. తెచ్చి తగిలిస్తే యంత్రం లేచింది. బోర్డు నిక్షేపంగా ఉంది. ఇంతకు మించిన పరీక్ష లేదు. చెన్నై రిచీ స్ట్రీట్ నుండి సరైన డబ్బా తెప్పించేసరికి అయిన ఖర్చు, కొత్త యంత్రానికి అడిగిన సొమ్ములో పదో వంతు కూడా కాలేదు.

"సరైన" అన్న మాట గమనించగలరు. మామూలు ఎస్.ఎమ్.పి.ఎస్. నుండి బోర్డుకు వెళ్లే పెద్ద ప్లగ్గుకు 24 పిన్నులు. కంపెనీ కంప్యూటర్లలో అలా ఉండదు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020కి 8 పిన్నులు, హెచ్.పి. ఎలైట్‌డెస్క్ 800 జి1కి 6. చిన్న పెట్టెలలో డబ్బా ఆకారమూ వేరే. కనుక పాతదాని మీది లేబుల్‌ను ఫోటో తీసుకుని, అందులోని పార్ట్ నంబరు చెప్పి అడగండి. ప్లగ్గు పట్టకపోతే బలవంతంగా దూర్చవద్దు.

24 పిన్నులదైతే ఇంట్లోనే చూడవచ్చు, పెద్దవారు పక్కన ఉండాలి. కరెంటు తీసి, ప్లగ్గులన్నీ కంప్యూటరు నుండి ఊడదీసి, పెద్ద ప్లగ్గులోని ఆకుపచ్చ తీగను ఒక నల్ల తీగతో పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు కరెంటు ఇవ్వాలి. ఫ్యాను తిరగకపోతే డబ్బా పోయినట్లే అనుకోవచ్చు. తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, మల్టీమీటరుతో కొలవాలి. నల్ల తీగకూ పసుపుకూ మధ్య 11.4 నుండి 12.6, ఎరుపుకు 4.75 నుండి 5.25 వోల్టుల లోపల ఉండాలి.

డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలువ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు పోదు.

లేబుల్ మీద పెద్ద అక్షరాల "450 వాట్లు" చూసి మోసపోవద్దు. పక్కన 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూసి గుణించండి. 16 ఆంపియర్లయితే 192 వాట్లే! లెక్క మనదే, అంగడివారిని అడగనక్కరలేదు. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటరుకు అదీ చాలవచ్చు గానీ, 450కి డబ్బు ఎందుకు ఇవ్వాలి?

కొత్తది బిగించాక క్యాబినెట్టు ముట్టుకుంటే జిల్లుమంటే ఎస్.ఎమ్.పి.ఎస్. మీద నేరం మోపకండి. ఆ ఇంట్లో ఎర్తు పనిచేయడం లేదన్నమాట. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది, అది వెంటనే మానాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించాకే పిల్లలను దాని ముందు కూర్చోబెట్టండి. పాత డబ్బాను చెత్తకుండీలో వేయక, ఇ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.