కారు కళ్లకు పట్టిన పసుపు పొర
ఇంట్లో సైన్స్: పిల్లలతో కలిసి ఒక ఆదివారం పని



చలికాలం ఉదయం ఆరున్నరకు పిల్లలను దింపడానికి వచ్చే కార్లను ఒకసారి గమనించండి. పొగమంచులో కొన్ని కార్ల లైట్లు దూరం నుంచే తెల్లగా, స్పష్టంగా కనిపిస్తాయి. కొన్నింటివి మాత్రం దగ్గరికి వచ్చేదాకా మసక పసుపు మరకల్లా ఉంటాయి. చాలాసార్లు బల్బులో లోపం ఉండదు. దాని ముందున్న ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి, పొర పట్టి ఉంటుంది. అప్పుడు రోడ్డు దాటే పిల్లవాడు డ్రైవరుకు ఆలస్యంగా కనిపిస్తాడు.

ఇది చిన్న తేడా కాదు. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో వెల్లడించిన పరీక్షల్లో, బాగా పాడైన హెడ్‌లైట్లు లో బీమ్‌లో కొత్తవాటి వెలుగులో 22 శాతమే ఇచ్చాయి. వాటినే శుభ్రం చేస్తే వెలుగు దాదాపు 70 శాతానికి చేరింది. ఆ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. పైగా అందులో మీ పిల్లల సైన్స్ పుస్తకంలోని మూడు నాలుగు పాఠాలు ఉన్నాయి.

లెక్క చేయించండి (9, 10 తరగతులు)
కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. అంటే సెకనుకు సుమారు 16.7 మీటర్లు. మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి 1.5 సెకన్లు పడితే, ఆలోపే కారు 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుంటే, ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు. మీ హెడ్‌లైట్ అంత దూరం చూపిస్తోందా? అదే లెక్కను గంటకు 40 కిలోమీటర్లకు చేయమనండి. సుమారు 25 మీటర్లు వస్తుంది. లైట్లు మసకగా ఉన్నప్పుడు నెమ్మదిగా వెళ్లాలని ఎందుకు అంటామో పిల్లలకే అర్థమవుతుంది.

పసుపు ఎందుకు వస్తుంది?
తాతయ్యల కాలంనాటి అంబాసిడర్‌కు గుండ్రటి గాజు లైట్లుండేవి. గాజు ఎండకు పసుపెక్కదు. ఇప్పటి కార్లకు ఉండేది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ దీన్ని తయారు చేశారు. బరువు గాజులో సగం కూడా ఉండదు, రాయి తగిలినా సులువుగా పగలదు, కావలసిన ఆకారంలో పోత పోయవచ్చు. ఒక పెద్ద బలహీనత: సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. ఆ కిరణాలు దాని అణువుల బంధాలను తెంచుతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై ఆక్సీకరణం జరుగుతుంది. అలా ఏర్పడే కొత్త పదార్థాల రంగే ఈ పసుపు.

అందుకే ఫ్యాక్టరీలో దీనిపై వెంట్రుక కంటే ఎంతో పలచని రక్షణ పూత వేస్తారు. మన ఎండకు, దుమ్ముకు కొన్నేళ్లలో ఆ పూత అరిగిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

పిల్లలకు ఒక ప్రశ్న: వెనక ఎర్ర లైట్లు ఇలా ఎందుకు పాడవవు? అవి ఎక్కువగా ఆక్రిలిక్‌తో చేస్తారు. ఆక్రిలిక్ ఎండను బాగా తట్టుకుంటుంది కానీ దెబ్బకు త్వరగా పగులుతుంది. రాళ్లు తగిలేది ముందు వైపు, బల్బు వేడి ఎక్కువగా ఉండేదీ ముందు వైపే. కాబట్టి అక్కడ పాలికార్బొనేట్ వాడతారు.

ముందు ఒక పరీక్ష
లైటు మీద నీళ్లు చల్లండి. తేటగా కనిపిస్తే పాడైంది పైపొర మాత్రమే, మీరు బాగు చేయవచ్చు. తడిపినా మసకగానే ఉంటే పగుళ్లు లోతుగా ఉన్నాయో, తేమ లోపలికి చేరిందో చూడాలి. అది మెకానిక్ పని.

కావలసినవి: 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు, మాస్కింగ్ టేప్, సబ్బు నీళ్లు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి మైక్రోఫైబర్ బట్టలు, అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ క్లియర్ కోటింగ్.

చేసే విధానం
1. కారు నీడలో పెట్టి, లైట్లు చల్లారాక శుభ్రంగా కడగండి. ఇసుక రేణువు మిగిలితే గీతలు పడతాయి.
2. చుట్టూ ఉన్న పెయింటు మీద రెండు వరుసల మాస్కింగ్ టేప్ అంటించండి.
3. నానబెట్టిన 1000 నంబర్ పేపర్‌తో సబ్బు నీళ్లు పోస్తూ అడ్డంగా రుద్దండి. పసుపు పాలలాంటి నీళ్లు కారతాయి. అదే పాడైన పొర. లైటు అంతా ఒకేలా మసకబారేదాకా రుద్దాలి. ఇప్పుడు మునుపటికంటే అధ్వానంగా కనిపిస్తుంది, కంగారు పడకండి.
4. 1500తో నిలువుగా, 2000తో అడ్డంగా, 3000తో మళ్లీ నిలువుగా రుద్దండి. దిశ మారిస్తే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. అవి పోకుండా తర్వాతి నంబరుకు వెళ్లకండి.
5. కాంపౌండ్‌తో గుండ్రంగా పాలిష్ చేయండి. అలవాటు లేకుండా మెషిన్ వాడితే ఆ వేడికి ప్లాస్టిక్ దెబ్బతినవచ్చు.
6. బాగా తుడిచి, పూర్తిగా ఆరాక అదే రోజు యూవీ కోటింగ్ వేయండి.

పేపర్‌తో రుద్దడం, నీళ్లు పోయడం పిల్లలు చేయవచ్చు. కోటింగ్ మాత్రం పెద్దలు చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట వేయాలి. రెండు భాగాలు కలిపి కొట్టే టూ-కే స్ప్రేలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి. దాన్ని పెయింటింగ్ షెడ్‌లో వేయించడమే మంచిది.

నీళ్లు చెప్పే పాఠం
1000 నంబర్‌తో రుద్దాక లైటు మీద నీళ్లు పోస్తే మళ్లీ తేటగా కనిపిస్తుంది. ఆరగానే మసకబారుతుంది. ఎందుకు? గాలి వక్రీభవన గుణకం 1, పాలికార్బొనేట్‌ది సుమారు 1.58. ప్రతి సన్న గీత దగ్గర కాంతి ఒక్కో వైపుకు వంగి చెదిరిపోతుంది. ఇదే పరిక్షేపణం. నీటి గుణకం 1.33. నీళ్లు గీతల్లో నిండితే తేడా తగ్గుతుంది, చెదరడమూ తగ్గుతుంది. కోటింగ్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ ఆరిపోయి ఎగిరిపోదు.

చాలామంది చేసే పొరపాటు
ఐదో మెట్టు దగ్గర లైటు మెరిసిపోతుంది. పని అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. టూత్‌పేస్ట్‌తో గంటసేపు రుద్ది, తళతళలాడుతున్న లైట్లు చూసి మురిసిపోయాను. వేసవి దాటేసరికి మళ్లీ పసుపు. ఎందుకంటే మనం రుద్దినప్పుడు పసుపుతో పాటు మిగిలిన రక్షణ పూత కూడా పోతుంది. ఆ మెరుపు కింద ఉన్నది ఏ కవచమూ లేని ప్లాస్టిక్. కోటింగ్ వేయకపోతే మునుపటికంటే త్వరగా పాడవుతుంది. దోమల స్ప్రే చిట్కా ఇంకా ప్రమాదం. అందులోని డీట్ ప్లాస్టిక్ పైపొరను కరిగించి కాసేపు మెరిపిస్తుంది. పెట్రోలు, థిన్నర్ కూడా వాడకండి, పగుళ్లు రావచ్చు.

తర్వాత కాపాడుకోవడం
• కారు ముందు భాగం నీడలో ఉండేలా పార్క్ చేయండి. ఒక లైటే ఎక్కువ పసుపెక్కితే, ఎండ ఏ వైపు పడుతోందో పిల్లలను కనిపెట్టమనండి.
• దుమ్మును పొడి బట్టతో తుడవకండి, ముందు నీళ్లు పోయండి.
• రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ రాయండి. మసక మళ్లీ మొదలైతే ఆలస్యం చేయక కోటింగ్ మళ్లీ వేయండి.

పని మొదలుపెట్టే ముందురోజు రాత్రి, గోడకు ఐదు మీటర్ల దూరంలో కారు నిలిపి లో బీమ్ వేసి ఫొటో తీయించండి. పని పూర్తయ్యాక అదే చోట, అదే ఫోనుతో మళ్లీ తీయించండి. రెండు ఫొటోలూ మీ బాబు లేదా పాప సైన్స్ నోట్‌బుక్‌లో అంటించి, తేడాకు కారణం సొంత మాటల్లో రాయమనండి. సోమవారం ఉదయం పొగమంచులో బయలుదేరినప్పుడు, ఆ వెలుగు ఎలా వచ్చిందో వెనక సీటులోని పిల్లలే మీకు వివరిస్తారు.