బాలురకు కథలు చెప్పవలసిన విధము

సంస్కారాభిలాషులగు మిత్రులు కొందఱు, పాఠశాలలో రాక్షసుల కథలు, మాటలాడు పక్షుల కథలు చెప్పినచో చిన్నబిడ్డల మనస్సులందు మూఢవిశ్వాసములు నాటుకొనునని శంకించుచున్నారు. ఈ శంక యుపేక్షింపదగినది కాదు. అయినను దోషము కథయందు లేదనియు, కథను నిజమని చెప్పుటయందే యున్నదనియు మేము తలంచుచున్నాము.

మన యవ్వలు కథ నెట్లు మొదలుపెట్టుదురు? "అనగనగా" యని. ఎట్లు ముగింతురు? "కథ కంచికి, మన మింటికి" అని. ఈ రెండు మాటలును పొలమునకు నాటిన హద్దురాళ్ల వంటివి. (న్యాయవాదులకు హద్దురాళ్లపై మక్కువ యెక్కువ, చదువరులు మన్నింతురుగాక.) వాని నడుమ పులి మాటలాడవచ్చును, వెలుపల మాటలాడరాదు. అయిదేండ్ల బిడ్డకును ఈ యేర్పాటు తెలియును.

హద్దురాయి లేనిచోటనే చిక్కు కలుగుచున్నది. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్చటి వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించిరి. రాజధనమును గుడికి వెచ్చించెనను నేరమునకు విరూపణ్ణ కన్నులు పెఱుకుడని రాజు శాసించెననియు, అతడు తానే వానిని పెఱికి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. గోడమీది యెఱ్ఱని మచ్చలను జూపుదురు. అచ్చటికి బాలురను గొనిపోయిన యుపాధ్యాయుడు "ఇట్లు జరిగెను" అనరాదు. "ఇట్లు చెప్పుకొందురు. ఈ మచ్చలు మఱి దేనివలన గలుగవచ్చును? విరూపణ్ణ మాట యెవరైన వినిరా?" యని యడుగవలెను. 1565లో తల్లికోట యుద్ధమున నోడిన పిమ్మట విజయనగర రాజులు పెనుకొండను రాజధానిగా జేసికొనుట మాత్రము చరిత్ర. దానిని చరిత్రముగనే చెప్పవలెను.

ధర్మవరములో మఱియొక సౌకర్యము గలదు. ఆండర్సన్ 1837లో ప్రకటించిన చక్రవర్తి క్రొత్తబట్టల కథలో, వంచకులిద్దఱు వట్టిమగ్గముపై నేయుచున్నట్లు నటింతురు. పట్టుచీరలు నేయు నింటి బిడ్డకు ఈ కథ చెప్పి చూడుడు. మంత్రులు కనిపెట్టలేని మోసమును వాడు "పడుగేది? పేకయేది?" యని యొక్క ప్రశ్నతో బట్టివేయగలడు. దూరదేశపు కథ వాని యింటి కథ యగును.

హిందూపురము కన్నడసీమ సరిహద్దున నున్నందున అచ్చట రెండు భాషల బిడ్డలును గూడుదురు. ఆవు-పులి కథ రెండింటను గలదు. పులికి జిక్కిన యావు, దూడకు పాలిచ్చి వత్తునని మాటయిచ్చి, తప్పక తిరిగివచ్చును. అనంతామాత్యుని భోజరాజీయములో పులి యావును దినక విడుచును. కన్నడ జానపదగీతమున పుణ్యకోటియను నా గోవును దినజాలక పులి తానే ప్రాణములు విడుచును. ఉపాధ్యాయులు పుస్తకము మూసి, రెండింటిని నోటితో జెప్పి, "దీనివలన దెలిసిన నీతి యేమనగా" అను వాక్యమును మాత్రము విడిచిపెట్టవలెను. ఆ మాటతో బిడ్డలు తలుపు మూయబడినదని గ్రహించి పలకలు సర్దుకొందురు. ఏ పులి చేసినది న్యాయమని వారినే యడుగుడు. "విడిచిపెట్టిన పులి మఱునాడేమి తినును?" అని యొకడు నిలిచి యడుగవచ్చును. వానిని గూర్చుండబెట్టకుడు.