సంతానాపేక్ష గల స్త్రీ – గర్భసంచి ఆపరేషన్ నిర్ణయం

బహిష్టు రక్తస్రావం పది పన్నెండు రోజులైనా ఆగకపోవడం, గడ్డలు గడ్డలుగా పడడం, నడుమూ పొత్తికడుపూ పట్టివేయడం, ఎడతెగని తెల్లకుసుమ – ఇట్టి బాధలు నెలల తరబడి వేధించినపుడు "గర్భసంచి తీయించుకుంటే పీడ వదిలిపోతుంది" అనే సలహా మన ఇండ్లలో సులభంగా వినబడుతుంది. బిడ్డలు పెద్దవారైన స్త్రీ విషయంలోనే ఇది ఆలోచించవలసిన మాట. ఇంకను సంతానం కోరుచున్న స్త్రీ విషయంలో ఇది తిరిగి సరిదిద్దుకొనుటకు వీలులేని నిర్ణయం.

మన తెలుగువారు ఈ విషయమై ప్రత్యేకంగా జాగ్రత్త వహించవలసి యున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం ఉన్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించగా, వాటిని మూడు నెలలలో అమలుపరచవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భధారణకు నాలుగు అంగాలు

మొలక పుట్టుటకు అదను, నేల, నీరు, విత్తనం కావలసినట్లే, గర్భధారణకు ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కూడి రావలెనని సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పాడు. తగిన కాలం ఋతువు. గర్భాశయం క్షేత్రం. పోషించు రసం అంబువు. స్త్రీ పురుషుల బీజాలు బీజం.

ఈ నాలుగింటినీ మనస్సులో ఉంచుకొంటే నిర్ణయం కొంత తేటపడుతుంది. అధిక రక్తస్రావం వలన కలిగిన రక్తహీనత అంబువుకు సంబంధించిన లోపం, దానిని పూరించవచ్చు. వయస్సు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 35 సంవత్సరాలు దాటిన పిమ్మట, బీజశక్తి తగ్గుతుంది. కనుక కాలాన్ని వృథా చేయరాదు. గర్భాశయాన్ని తొలగిస్తే మాత్రం క్షేత్రమే పోతుంది. అండాశయాలను కూడా తొలగిస్తే బీజమూ పోతుంది.

మొదటి ప్రశ్న: ప్రాణభయమా? బాధా?

డాక్టరుగారు ఆపరేషన్ అని చెప్పగానే అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: "ఇప్పుడు తీయకపోతే నా ప్రాణానికి ముప్పు ఉన్నదా? లేక ఇది నా బాధను తగ్గించుటకా?"

కాన్పు సమయంలో ఏ విధంగానూ ఆగని రక్తస్రావం, ముదిరిన గర్భాశయ కాన్సరు వంటి సందర్భాలలో ప్రాణరక్షణయే ముఖ్యం. అక్కడ సంతానాపేక్షతో ఆలస్యం చేయుట తగదు. మిగిలిన అనేక సందర్భాలలో గర్భసంచి ఆపరేషన్ బాధా నివారణకు ఉన్న మార్గాలలో ఒకటి మాత్రమే. ఇతర మార్గాలను ప్రయత్నించుటకు వ్యవధి ఉంటుంది.

"నాకు ఇంకా బిడ్డలు కావాలి" అనే మాటను స్త్రీ తన నోటితో డాక్టరుగారికి చెప్పవలెను. చాలామంది సిగ్గు చేతనో, వెంట వచ్చిన అత్తగారో భర్తో మాట్లాడుతారు గదా అనుకొనుట చేతనో ఈ మాట చెప్పరు. చికిత్స మార్గం ఈ ఒక్క మాటను బట్టి మారవచ్చు.

కారణాన్ని బట్టి చికిత్స

కంతులు (ఫైబ్రాయిడ్లు): ఇవి చాలావరకు కాన్సరు గడ్డలు కావు. గర్భసంచిని ఉంచి కంతిని మాత్రమే తొలగించే ఆపరేషన్‌ను మయోమెక్టమీ అంటారు. గర్భసంచి లోపలి పొర క్రింద పెరిగి కుహరంలోకి పొడుచుకు వచ్చిన చిన్న కంతులను కడుపు కోయకుండా యోని మార్గం నుండే తీయవచ్చు. గోడలోని పెద్ద కంతులను తీసినపుడు గాయం మానుటకు కొన్ని నెలలు ఆగి గర్భం ధరించవలెను. తదుపరి కాన్పు సిజేరియన్ కావచ్చు. కంతులు మరల పెరిగే అవకాశమూ ఉన్నది. ఈ లాభనష్టాలు రెండూ ముందుగా తెలుసుకొనవలెను.

కంతి కనబడని అధిక రక్తస్రావం: థైరాయిడ్ లోపం, అండం సక్రమంగా విడుదల కాకపోవడం, రక్తం గడ్డకట్టు శక్తి లోపించడం వంటి కారణాలను ముందు వెదకవలెను. ట్రానెగ్జామిక్ ఆమ్లం వంటి మాత్రలను డాక్టరు సలహాపై స్రావం జరిగే రోజులలో మాత్రమే వాడుతారు. హార్మోను లూప్ స్రావాన్ని బాగా తగ్గిస్తుంది. అది ఉన్నంతకాలం గర్భం రాదు. తీసివేసిన పిమ్మట గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది. రెండు మూడేండ్ల తరువాత బిడ్డను కోరుకొనే స్త్రీకి ఇది తగినది.

తెల్లకుసుమ, "పుండు": గర్భాశయ ముఖద్వారం ఎర్రగా కనబడగానే "పుండు పడింది, కాన్సరుగా మారుతుంది" అని భయపెట్టడం కద్దు. అనేకులలో ఆ ఎరుపు పుండు కానే కాదు. పాప్ పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ ఉంటే మందులు వాడవలెను. కాన్సరుకు ముందుదశ మార్పులు కనబడినా, ఆ కొద్ది భాగాన్ని మాత్రమే తొలగించి గర్భసంచిని కాపాడవచ్చు.

తొలిదశ కాన్సరు: ఎంపిక చేసిన కొందరిలో గర్భాశయాన్ని నిలిపి చేసే చికిత్సలున్నవి. ఇవి కాన్సరు నిపుణుల పర్యవేక్షణలోనే జరుగవలెను.

ఒక హెచ్చరిక: గర్భసంచి లోపలి పొరను మాడ్చివేసే చికిత్స "ఆపరేషన్ కాదు గదా" అని తేలికగా చెప్పబడుతుంది. సంతానం కోరేవారికి అది పనికిరాదు. దాని తరువాత వచ్చే గర్భం తల్లికీ బిడ్డకూ ప్రమాదకరం.

గృహవైద్యం – దాని హద్దులు

చరకుడు చికిత్సాస్థానం ముప్పదవ అధ్యాయంలో శుద్ధమైన ఆర్తవాన్ని ఇట్లు వర్ణించాడు: అతిగాను, అల్పముగాను ఉండక, మంట, నొప్పి లేక, ఐదు రాత్రులు ఉండునది. దీనిని మించిన అధిక స్రావాన్ని మన వైద్యులు అసృగ్దరమనీ, రక్తప్రదరమనీ వ్యవహరిస్తారు.

దీనికి పాలతో కాచిన అశోక చెక్క కషాయం ప్రసిద్ధమైనది. ఒక భాగం చెక్క పొడికి ఎనిమిది భాగాల పాలు, ముప్పది రెండు భాగాల నీరు కలిపి, పాలు మాత్రమే మిగులువరకు కాచి వడగట్టుకొనవలెను. వీధుల ప్రక్కన నిటారుగా పెరిగే నరమామిడిని చాలామంది అశోకమని భ్రమపడుతారు. ఔషధానికి కావలసినది ఎర్రని, నారింజ రంగు పూలగుత్తులు పూచే అసలు అశోకం. ఆయుర్వేద వైద్యుని సలహాపైననే వాడి, గర్భం నిలిచినదని అనుమానం కలిగిన వెంటనే ఆపివేయవలెను. పాదరసం, సీసం కలిసిన మందులను, పేరు తెలియని పొడులను సంతానం కోరే స్త్రీ ముట్టరాదు.

ఆహారంలో రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు చేర్చుకొని, వాటితోపాటు ఉసిరి లేదా నిమ్మరసం తీసుకొంటే ఇనుము బాగా ఒంటబట్టుతుంది. భోజనం వెంటనే కాఫీ, టీ మానవలెను. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 8కి తగ్గితే అది తీవ్రమైనది. ఆ స్థితిలో ఆహారం చాలదు. ఇనుము మాత్రలు, ఇంజెక్షన్లు, ఒక్కొక్కప్పుడు రక్తమే ఎక్కించవలసి ఉంటుంది.

కషాయంతో పెద్ద కంతి కరిగిపోవునని ఆశించరాదు. ఆ ఆశతో గడిపిన సంవత్సరాలు బీజశక్తిని హరిస్తాయి. గంటకొక గుడ్డ తడిసిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, సంభోగం తరువాత రక్తం కనబడడం – ఈ లక్షణాలున్నపుడు గృహవైద్యంతో కాలక్షేపం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను.

గడువు పెట్టుకొనుట

వాయిదా వేయుటకూ, ప్రయత్నించుటకూ భేదమున్నది. డాక్టరుతో మాట్లాడి, ఆరు నెలలో ఏడాదో, వయస్సును బట్టి ఒక గడువు నిర్ణయించుకొనవలెను. ఆలోగా రక్తహీనతను సరిదిద్దుకొని, కంతి ఉన్నచోటునూ, అండాశయాల శక్తినీ పరీక్షింపజేసుకొనవలెను. భర్తకు వీర్యపరీక్ష తప్పనిసరి. లోపం భర్తలో ఉండగా భార్య శరీరంపై కత్తి పెట్టించిన కుటుంబాలు లేకపోలేదు. రెండవ స్త్రీవైద్య నిపుణురాలి అభిప్రాయం కూడా తీసుకొనవలెను. ఇది మొదటి డాక్టరును అవమానించుట కాదు.

సంతకం చేయుటకు ముందు

కంతి తీసే సమయంలో రక్తస్రావం అదుపు తప్పితే గర్భసంచిని తీయవలసి రావచ్చు. అంగీకార పత్రంలో ఈ సంగతి ఉంటుంది. ఏ పరిస్థితిలో తీస్తారు, అండాశయాలను ఉంచుతారా అని ముందుగానే అడిగి వ్రాయించుకొనవలెను. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె తల్లి సమ్మతిపై గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించిన కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం లేనపుడు, తెలివి వచ్చిన తరువాత అడుగుటకు వీలున్న స్త్రీకి బదులు ఇతరుల సమ్మతి చెల్లదని ఆ తీర్పు సారాంశం. భర్త సంతకమైనా, అత్తగారి మాటయైనా ఆమె సమ్మతికి సాటిరావు.

తొలగింపు అనివార్యమైతే

అన్ని ప్రయత్నాలు చేసిన పిమ్మట కూడా తీయక తప్పదని తేలవచ్చు. అప్పుడు, కాన్సరు వంటి కారణం లేకపోతే, అండాశయాలను ఉంచవలసినదిగా కోరవలెను. వాటిని తీసివేస్తే చిన్న వయస్సులోనే ముట్లుడిగిన లక్షణాలు, ఎముకల బలహీనత మొదలగునవి సంక్రమిస్తాయి. అండాశయాలుంటే బీజం మిగిలియుంటుంది. 2022 జనవరి నుండి అమలులోనున్న సరొగసీ చట్టం గర్భాశయం లేని వివాహిత స్త్రీకి, వయస్సు తదితర నిబంధనలకు లోబడి, ధనాపేక్ష లేని సరొగసీకి అవకాశమిచ్చింది. చట్టబద్ధమైన దత్తత మార్గమూ ఉన్నది.

అట్టి స్త్రీ దుఃఖాన్ని ఇంటివారు "ప్రాణం దక్కింది గదా" అని త్రోసివేయరాదు. పుట్టని బిడ్డ కోసం పడే దుఃఖం కూడా దుఃఖమే. ఆమెకు విశ్రాంతి ఎంత అవసరమో, మాట విని ఓదార్చే తోడు కూడా అంతే అవసరం. ఆపరేషన్ చేయించుకొన్నా, మానుకొన్నా, ఆ నిర్ణయం ఆమె తెలిసి తీసుకొన్నదైతే తరువాతి కాలంలో "ఎవరో చేయించారు" అనే బాధ ఆమెకు మిగులదు.